కాయలు కాయని వేళ్లు

అమావాస్య నాటి సంధ్యాసమయం... పడమటి దిక్కున కాటుకకొండల్లాంటి మేఘాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గర్జిస్తున్నాయి. వీధిదీపాలు ఇంకా వెలగలేదు. బస్ డిపో వెనక సందులో, గిటార్లు బాగుచేసే ఇరుకు దుకాణం ముందు, కరెంటు తీగ మీద వాలిన గుడ్లగూబ ఒకటి మెడ తిప్పి, లోపలికి అడుగుపెడుతున్న స్త్రీని తదేకంగా చూసింది. ఆ క్షణంలో ఆమె వెనుదిరిగి ఉంటే... ఒక నిర్దోషి బ్రతుకు చీకటిపాలు కాకుండా ఉండేది!

ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. నలభైకి దగ్గరపడుతున్న వయసు. భర్తతో విడిపోయాక అక్క దగ్గరే ఉంటోంది. చిన్ననాటి నుంచీ మనసులో దాచుకున్న ముచ్చట తీర్చుకోవాలని ఈమధ్యే ఒక ఎలక్ట్రిక్ గిటారు కొంది. వాయిద్యాల కొట్లో ఉన్నవాటిలోకెల్లా చవకది. ఎర్రగా నిగనిగలాడే ఆ వాయిద్యాన్నీ, దానితో ఇచ్చిన చిన్న స్పీకరు పెట్టెనీ చూసి అక్క తెగ నవ్వింది. "ఇంటివాళ్లు మనచేత ఖాళీ చేయిస్తారేమోనే" అంది.

కొన్నాక గానీ అసలు కష్టం తెలిసిరాలేదు. తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల చివర్లు సరిగా అరగదీయక అరచేతిని గీరుతున్నాయి. ఉక్కు తీగలు ఎడమచేతి వేలికొనల్లోకి కత్తుల్లా దిగేవి. చూపుడువేలితో ఆరు తీగల్నీ ఒక్కసారే అదిమిపట్టాల్సిన చోటికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. వేళ్లు కాయలు కాస్తే నొప్పి దానంతటదే పోతుందని అందరూ చెప్పారు. కాయలు కాసేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. అందుకే ఎవరో చెప్పగా, తీగల మాస్టారు అని పిలవబడే ఆ మనిషి దుకాణానికి వచ్చింది.

మాస్టారుది శుష్కించిన దేహం. ముఖమంతా ముడతలు. కానీ వేళ్లు మాత్రం అప్పుడే పుట్టిన శిశువు వేళ్లలా... గులాబీ రంగులో, గీత కూడా లేకుండా ఉన్నాయి! ఆయన వెనక అరలో, తుప్పుపట్టిన మరల మధ్య, ఉక్కు తీగలు చుట్టిన ఒక కపాలం ఉంది. పాటల బృందాలవాళ్లు పెట్టుకునే బొమ్మ కాబోలనుకుంది ఆమె.

ఆయన గిటారు మెడలో మర బిగించి, తీగలు దించి, మెట్ల చివర్లు ఆకురాయితో నున్నగా చేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"తీగలు దించాను. నొప్పి మాత్రం ఎవరో ఒకరు పడాల్సిందే అమ్మా. అది నువ్వే కానక్కర్లేదు."

నీకోసం ఏదైనా భరించేవాళ్లు ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. ఆమె నవ్వుతూ అక్క పేరు చెప్పింది. ఆమె భుజం మీద ఒక పొడవాటి నెరిసిన వెంట్రుక అంటుకుని ఉంది. అది అక్కదని ఆమెకు తెలుసు. ఆయన చెయ్యి చాపితే, తనే దాన్ని తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

వేళాకోళమే కదా అనుకుంది. కానీ ఆయన ఆ వెంట్రుకను కపాలానికి చుట్టి, అర్థం కాని బీజాక్షరాలు గొణుగుతుంటే దీపం కుంగింది... గోడలకు వేలాడుతున్న గిటార్లన్నీ ఎవరూ తాకకుండానే ఒక్క గొంతుతో మూలిగాయి! వద్దని ఒక్క మాట అనడానికి అప్పటికీ వ్యవధి ఉంది.

ఆమె అనలేదు.

మర్నాటి నుంచి తీగలు వెన్నలా అనిపించసాగాయి. గంటల తరబడి వాయించినా నొప్పి లేదు, వేళ్ల మీద గీత పడలేదు. ఏళ్లు పట్టే విద్య వారాల్లో వచ్చేసింది. తన షాపు మేనేజరు వీడ్కోలు విందులో ఆమె వాయిస్తే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోని మనిషి ఆ రాత్రి అద్దంలో తన్ను తాను చూసుకుని మురిసిపోయింది.

అక్క ఆస్పత్రిలో, పిల్లల వార్డులో నర్సు. అక్కడ ఆమెను ఒక్కపోటు సిస్టర్ అంటారు. ఉగ్గుపాలు తాగే పసికందు చేతిలో వెంట్రుకంత నరాన్ని ఎడమచేతి వేలికొనతో తడిమి పట్టుకుని, ఒకే ఒక్కసారి సూది గుచ్చేది. బిడ్డ ఏడుపు అందుకునేలోపు పని అయిపోయేది. డాక్టర్లు సైతం చేతకాక ఆమెనే పిలిపించేవారు.

ఆ వేళ్లు ఇప్పుడు కాయలు కాస్తున్నాయి.

మొదట వేలికొనల మీద తీగతో కోసినట్టు ఎర్రటి గీతలు వచ్చాయి. తర్వాత చర్మం మందం కట్టి, పసుపుపచ్చగా, కొమ్ములా గట్టిపడింది. చేతులు కడుక్కునే మందు పడలేదేమోనని అక్క చర్మవైద్యుడికి చూపించుకుంది. ఆయన లేపనం రాసిచ్చాడు. చెల్లెలు ఆ గీతల్ని చూసిన మొదటి రోజే గుర్తుపట్టింది. అవి ఆరు తీగల గుర్తులని ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇంకొక్క పాట నేర్చుకుని మానేద్దామనుకుంది. ఆ పాట తర్వాత ఇంకొకటి...

ఒక సాయంత్రం అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని బ్లేడుతో ఆ కాయల్ని గీక్కుంటోంది. సర్... సర్... మని చప్పుడు. చెల్లెలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గిటారు అందుకుంది. ఆ చప్పుడు పాటలోంచి కూడా వినబడుతూనే ఉంది.

తర్వాత కొన్నాళ్లకే అక్క ఒక బిడ్డకు పదేపదే సూది గుచ్చి కూడా నరం దొరకబుచ్చుకోలేకపోయింది. ఆ తల్లి బిడ్డను లాక్కుని, నువ్వసలు మనిషివేనా అని వార్డంతా వినేలా అరిచింది. అక్కను సామాన్ల గదికి మార్చారు. ఇంటికొచ్చి ఆమె ఏడవలేదు. వేళ్లు పైకెత్తి చూపించి, "చిన్నా, నాకు ఏదీ తగలడం లేదే. నీ చెంప ముట్టుకున్నా తెలియడం లేదు" అంది.

బయట ఉరుములు మొదలయ్యాయి. చెల్లెలు గొడుగైనా తీసుకోకుండా వానలోకి పరుగెత్తింది.

దుకాణంలో తీగల మాస్టారు కపాలం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె కాళ్లావేళ్లా పడి, నొప్పి తనకే తిప్పి ఇమ్మంది. తిప్పడం కుదరదు, మరొకరికి మార్చడమే కుదురుతుందన్నాడు.

"ఇంకో పేరు చెప్పు. మీ అక్క వార్డులో పసివాళ్లు బోలెడు. లేదంటే ఆ గట్టిదనం రేపటికి మీ అక్క గుండె దాకా పాకుతుంది."

ఆమె చెప్పనంది. అతని నేత్రాలు నిప్పుకణికల్లా జ్వలించాయి. కపాలానికి చుట్టిన తీగల్ని బిగించసాగాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. చెల్లెల్ని వెతుక్కుంటూ వెనకే వచ్చిన అక్క, తడిసి ముద్దై, గుమ్మంలో నిలబడింది. ఆమె చెయ్యి అప్పటికే మణికట్టు దాకా మొద్దుబారిపోయింది!

"ఎవరిచ్చారో అడుగు నీ వెంట్రుకని" అని వికటంగా నవ్వాడు మాస్టారు. "నీ తోబుట్టువే ఇచ్చింది."

అక్క తూలిపడబోయి, పట్టు కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి కపాలం మీద పడింది. ఆమె కదలకుండా నిలిచిపోయింది. వారాలుగా ఏదీ తగలని ఆ వేలికొనలకు, ఎండిన ఎముక లోపల, వెంట్రుకంత నరం ఒకటి కొట్టుకుంటున్నట్టు తగిలింది...

"ఎవరీవిడ?" అంది నెమ్మదిగా, వార్డులో అడిగినట్టే. "చాలా నొప్పితో ఉంది."

ఆమె ఆ కపాలాన్ని నొప్పి తెలియనంత మృదువుగా నిమిరింది. పిడుగు పడినట్టు దుకాణం దద్దరిల్లింది! అక్క జుట్టు విరబోసుకుంది. కనుగుడ్లు పైకి తేలాయి. ఆమె నోటి వెంట మరెవరిదో వృద్ధస్త్రీ గొంతు, తెగిన తీగలా వెలువడింది.

"నాన్నా... నువ్వు చిన్నప్పుడు వేళ్లు నొప్పంటే నాకియ్యమన్నాను. ఊరందరిదీ నామీద వేశావు. ఇన్నేళ్లలో నన్ను తాకిందీ, నొప్పిగా ఉందా అన్నదీ ఈ పిల్ల ఒక్కతే. ఇక మొయ్యను. నీది నువ్వు తీసుకో."

మాస్టారు ముఖం పాలిపోయింది. "అమ్మా, వద్దు" అన్నాడు. కపాలానికి చుట్టిన తీగలు ఒక్కొక్కటే తెగాయి. అతని గులాబీ వేళ్ల మీద ఎర్రటి గీతలు లేచాయి... మందం కట్టాయి... కొమ్ములా గట్టిపడ్డాయి. ఆ పసుపుపచ్చని పొర అరచేతులు దాటి, భుజాలెక్కి, కంఠాన్ని చుట్టి, పెదవుల్ని అతికించి, కనురెప్పల్ని మూసేసింది. మంత్రబలమంతా తల్లి విసిగి అన్న ఒక్క మాట ముందు బూడిదైపోయింది! నేల మీద మనిషి ఆకారంలో ఒక పెద్ద కాయ మిగిలింది. అందులో ఊపిరి లేదు. కపాలం నిశ్శబ్దంగా పొడి అయి రాలిపోయింది.

చెల్లెలి వేళ్లు మాత్రం ఒక్కసారిగా చిట్లి రక్తమోడాయి. నెలల నొప్పి ఒక్క గుక్కలో వచ్చి మీద పడింది.

వాన వెలిసిన వీధిలో ఇద్దరూ నడిచారు. అక్క అడిగింది.

"తెలిశాక కూడా వాయించావా?"

"వాయించాను. నువ్వు గీక్కుంటున్నప్పుడు కూడా."

ఇంటికి చేరాక చాలా రోజులు అక్క ఆమెతో మాట్లాడలేదు. అక్క వేళ్ల కాయలు ఊడిపోయాయి గానీ చూపుడువేలికి స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. వేలికి తగలడం మొదలైతే తిరిగి వార్డుకి రమ్మన్నారు ఆస్పత్రివాళ్లు.

ఒక ఆదివారం ఉదయం అక్క ట్రేలో సూదులూ, దూదీ సర్దుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. "చెయ్యి ఇవ్వు" అంది చెల్లెలితో.

చెల్లెలు చొక్కా చేతిని మడిచి చెయ్యి చాపింది. అక్క కళ్లు మూసుకుని, వేలితో తడిమి, గుచ్చింది. నరం దొరకలేదు. ఇంకోచోట గుచ్చింది. దొరకలేదు. మోచేతి లోపల నీలంగా మచ్చలు లేస్తున్నాయి.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

అక్క తలూపి, కొత్త సూది తీసి, మళ్లీ వేలితో వెతకడం మొదలుపెట్టింది. చెల్లెలు చెయ్యి కదపలేదు.