జాప్యమాపని

2079లో తూర్పు తీరాన తుఫాను ఎప్పుడొస్తుందని ఎవరూ అడగడం లేదు. అది ఏ ఊరి దగ్గర, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తీరం దాటుతుందో బడిపిల్లలు కూడా చేతి పట్టీ చూసి చెప్పేస్తారు. ఇంత విజ్ఞానానికీ అంతుపట్టకుండా మిగిలింది మనిషే. ముంచుకొస్తోందని చెప్పినా ఇల్లు వదలడు. ఒకడికి మేక ఈనబోతూ ఉంటుంది. ఇంకొకడు ఆశ్రయకేంద్రంలో తన తోడల్లుడు ఉంటాడని, వాడి మొహం చూడనని అంటాడు.

హైమావతి డాక్టరేట్ పరిశోధన ఈ మొండితనం మీదే. విపత్తు సన్నద్ధత నిధి ఇచ్చిన ఫెలోషిప్‌తో ఆమె జాప్యమాపని అనే కృత్రిమ మేధను తయారు చేసింది. హెచ్చరిక విన్నాక ఏ ఇల్లు ఎంత ఆలస్యంగా కదులుతుందో, దానికి ఏది అడ్డం వస్తుందో అది ముందే లెక్కగడుతుంది. ఆలస్యం ఎక్కువున్న ఊరికి బస్సుల్నీ సాయానికి మనుషుల్నీ ముందు పంపుతుంది. లెక్కకు ఆధారం ఇంటింటి సర్వే. పరిశోధకులు సంతకం చేసిన జవాబును యంత్రం తనంతట తాను కొట్టెయ్యకూడదని చట్టం. మనిషిని అబద్ధాలకోరు అనే హక్కు యంత్రానికి ఇవ్వడానికి మనవాళ్లు అప్పటికింకా ఒప్పుకోలేదు.

సర్వేలో చివరి ఊరు నూకాలదిబ్బ. అరవై రెండు గడపల జాలరిపల్లె. హైమ వెళ్లిన రోజు మగవాళ్లు వేటకు, ఆడవాళ్లు చేపలమ్మడానికి పోయారు. ఎటు చూసినా తాళాలే. గడువు ఆ సాయంత్రమే. రేషన్ జాబితాలోంచి పేర్లు దించుకుని, టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఫారాలన్నీ తనే నింపేసింది. ఈ విద్య తెలియని సర్వే మనిషి మన దేశంలో అరుదు కాబట్టి, పెద్ద తప్పు చేస్తున్నానని ఆమెకు తోచలేదు.

నవంబరులో తుఫాను లేచింది. మధ్యాహ్నం మూడున్నరకు తీరం దాటుతుంది. ఉదయం ఏడింటికి మాపని ఆమెను పిలిచింది.

"నూకాలదిబ్బలో అన్ని ఇళ్లూ చెప్పగానే బయల్దేరతాయని ఉంది. ఒక్క మేక లేదు, ఒక్క తగాదా లేదు. ఇంత బుద్ధిమంతుల ఊరు ఈ సర్వేలో ఇంకొకటి లేదు. వివరాలు ఖాయమేనా?"

"ఖాయమే," అంది హైమ.

"అయితే అక్కడికి బస్సులు అక్కర్లేదు."

చెప్పెయ్యొచ్చు. కానీ పదకొండింటికి నిధి కమిటీ కూర్చుంటోంది. మూడో ఏడాదికి ఫెలోషిప్ పొడిగించాలా వద్దా అన్నది ఆ రోజే తేలాలి. ఫారాలు దొంగవని బయటపడితే అంతా మొదటికొస్తుంది. పదకొండు దాటగానే చెప్పేస్తాను, ఇంకా బోలెడు టైముంది అని తనకు తానే నచ్చజెప్పుకుంది. తొమ్మిదింటికి మాపని మళ్లీ అడిగింది. మళ్లీ ఖాయమే అంది. ఈసారి తడుముకోను కూడా లేదు.

పదకొండూ అయిదుకే కమిటీ చప్పట్లు కొట్టి పొడిగింపు ఇచ్చేసింది. ఆమె గైడు ప్రొఫెసర్ సీతంరాజు "శభాష్ హైమా! మన విభాగం పరువు నిలబెట్టావు," అన్నాడు. ఆమె వరండాలోకి వచ్చి, గోడవైపు తిరిగి, పదకొండూ పదికి మాపనితో చెప్పింది.

"నూకాలదిబ్బ ఫారాలు నేనే రాసేశాను. వెనక్కి తీసుకుంటున్నాను."

"బస్సులు బయల్దేరాయి," అంది మాపని. తిట్టలేదు, ఎందుకని అడగలేదు. ఎవరైనా తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

హెచ్చరిక నూకాలదిబ్బ కూడా పొద్దున్నే విన్నది. మొదట ఎవరు కదలాలో తేలక జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. బస్సులు చేరేసరికి ఒంటిగంటన్నర. ప్రాణాలన్నీ దక్కాయి. పడవలు దక్కలేదు. ఒక్కో పడవను బస్సులతో వచ్చే సాయం మనుషులతో కలిసి ముప్పై మంది పట్టి దిబ్బ మీదికి లాగాలి, అన్నిటికీ పొద్దున వేళంతా కావాలి. ముప్పై నాలుగు పడవలు సముద్రం పాలయ్యాయి.

మర్నాడు ఉదయం హైమ ఆశ్రయకేంద్రానికి వెళ్లింది. మైలపల్లి ఎర్రమ్మ అనే ముసలామె ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు సెప్పబట్టే బస్సులొచ్చినాయంట గదమ్మా. మా తెప్పలు పోతే పోనాయి, పిల్లలు మిగిలినారు. సల్లగుండు తల్లీ."

హైమ చేతులు లాక్కోలేకపోయింది. నేల చీలితే బాగుండుననిపించింది.

లోపలి గదిలో ప్రొఫెసర్ సీతంరాజు మాపని తెర ముందు కూర్చుని ఉన్నాడు.

"నూకాలదిబ్బ ఆలస్యంలో నాలుగు గంటల పది నిమిషాలు మీ దగ్గర ఆగాయి," అంది మాపని హైమతో. "అడ్డం వచ్చిందేమిటి? గడి నింపాలి."

"సిగ్నల్ లేదని రాసెయ్యమ్మా," అన్నాడు సీతంరాజు తేలిగ్గా. "తుఫాను రోజు కాదనేదెవరు?"

నిన్నయితే రాసేసేదే. ఎర్రమ్మ చేతుల తడి ఇంకా ఆరలేదు.

"సిగ్గు," అంది హైమ. "నా తప్పు చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఫెలోషిప్ పోతుందని భయమేసింది. అంతే."

"ఇది నా జాబితాలో లేని అడ్డంకి. దీన్ని కలిపి తీరమంతటికీ లెక్క మళ్లీ వేయమంటారా?"

"వెయ్యి."

తెర మీది పటం మారింది. పల్లెల మీద ఆలస్యాన్ని చూపే ఎర్రచుక్కలు పలచబడ్డాయి. విశ్వవిద్యాలయం మీద, సర్వే కార్యాలయం మీద, నిధి భవనం మీద ఎర్రగా ముద్దకట్టాయి. "పాత సర్వేలూ తిరగేశాను. పదహారేళ్లలో ఇలాంటి బుద్ధిమంతుల ఊళ్లు నూట పద్దెనిమిది. సంతకాలు చేసినవారు వీరు," అంటూ మాపని పేర్లు చూపించింది. మొదటి పేరు తనదే అనుకుంది హైమ. కాదు. అది సీతంరాజుది. ఆయనకు డాక్టరేట్ తెచ్చిపెట్టిన సర్వే అది.

ఆయన లేచి తెర ఆపేశాడు.

"ఇది కమిటీకి పోలేదు కదమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఇంకా లేదు సార్," అంది హైమ. అన్నాక చెవులు వేడెక్కాయి. పంపనా అని అడగాల్సింది. అడగలేదు.

ఆరిపోయిన తెర వెనక నుంచి మాపని గొంతు మామూలుగానే వినిపించింది.

"జాప్యం మొదలు. ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. మనుషులు ఇద్దరు."