తొమ్మిది నిమిషాల మాటలు

మాటగది గుమ్మంలో పైడితల్లి గుసగుస అనే చెవి యంత్రాన్ని కుడిచెవిలో ఒత్తి పెట్టుకుంది. బఠాణీ గింజంత ఉంటుంది అది. అవతలి మనిషి ఇంగ్లీషులో ఏమన్నా, ఏం జవాబివ్వాలో మెల్లగా అందిస్తుంది. విన్నది విన్నట్టు అప్పజెప్పితే చాలు. తొమ్మిదేళ్లుగా ఆమె అదే చేస్తోంది.

భీమిలి అవతల, సముద్రపుగోడ మీద, ఒకరికొకరు కొత్తైన ఇద్దరు జతగా నీళ్లలోకి దిగాలంటే ముందు తొమ్మిది నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మర్యాదగా మాట్లాడుకోవాలి. గోడ మీద పనికి ఎన్ని దేశాల వాళ్లో వస్తారు. అందరికీ కలిసే భాష ఇంగ్లీషొక్కటే. ఆ మాటలు వింటూ, జత ఎంత కుదిరిందో కొలిచే పొందికమాని అనే యంత్రం నూటికి ఇంతని అంకె వేస్తుంది. అరవై దాటితేనే కిందికి దిగే నీటితలుపు తెరుచుకుంటుంది.

ఆ రోజు ఆమెకు జత పడినవాడు జుమా. మొంబాసా తీరం నుంచి ముందురోజే వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, వెడల్పాటి భుజాలు, నెరుస్తున్న గడ్డం.

“నైస్ టు మీట్ యూ. హౌ వాజ్ యువర్ జర్నీ?” అంది పైడితల్లి.

“వెరీ ప్లెజంట్, థాంక్యూ. లవ్లీ వెదర్ టుడే,” అన్నాడు జుమా.

బయట ఈదురుగాలికి కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. ఇద్దరూ చిరునవ్వు నవ్వారు. గది గోడ మీద అంకె తొంభై ఒకటికి ఎక్కింది. అద్దానికి అవతల కూర్చున్న పర్యవేక్షకుడు ఇమ్మానుయేలు తృప్తిగా తల ఊపాడు.

ఆయన తొందర ఆయనది. ఏడో సాగరద్వారం ఇరుసుకు కొట్టుకొచ్చిన పాత వలలు చుట్టుకుని, తలుపు సగంలో బిగుసుకుపోయింది. మధ్యాహ్నం పోటు వచ్చేలోగా అది మూతపడకపోతే ఉప్పునీరు గోడ వెనకున్న జలాశయంలోకి ఎక్కేస్తుంది. రెండు లక్షల మంది తాగేది ఆ నీళ్లే.

మూడు నిమిషాలు గడిచాయి. పైడితల్లి కళ్లు జుమా చేతుల మీద పడ్డాయి. ముఖం నవ్వుతూనే ఉంది, చేతులు మాత్రం నడుము తాడు కొసను చుట్టి చుట్టి బిగిస్తున్నాయి. గోళ్లు తెల్లబడ్డాయి. జాలరిపేటలో పుట్టి పెరిగింది పైడితల్లి. భయపడ్డ చేతులు ఎలా ఉంటాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతని హాబీల గురించి అడగమని గుసగుస అందించింది. ఆమె అడగలేదు.

శిక్షణ మొదటిరోజున ఆమె సొంతంగా ఒక్క ఇంగ్లీషు వాక్యం మాట్లాడింది. గదంతా ఘొల్లున నవ్వింది. ఆనాటి నుంచి ఆ భాషలో తన మాటంటూ ఒక్కటీ పెదవి దాటనివ్వలేదు. ఇప్పుడు గుసగుసను తీసి బల్ల మీద పెట్టింది.

“యూ... ఫియర్?” అంది. “మీ ఆల్సో.”

జుమా ఆమెనే చూశాడు. తరవాత తన చెవిలోదీ తీసేశాడు.

“మై ఇంగ్లీష్ నాట్ గుడ్.” ఇందాకటి నున్నటి గొంతు కాదది, బొంగురుగా ఉంది.

“మైన్ ఆల్సో నాట్ గుడ్.”

అంకె జారడం మొదలైంది. జుమా ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. మాట దొరకని చోట చేత్తో చూపించాడు. ఆరేళ్ల కిందట పడవ తిరగబడింది. మునిగిపోతున్న అన్న వెనకనుంచి అతని మెడ పట్టుకున్నాడు. తను విదిలించుకున్నాడు. అన్న మళ్లీ కనబడలేదు.

“నౌ ఎనీబడీ టచ్ హియర్,” అంటూ మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు, “మై హ్యాండ్ హిట్. ఐ నాట్ వాంట్. హ్యాండ్ హిట్.”

పైడితల్లి అతని మెడకేసి చూసింది. నీళ్లలో అపాయం వస్తే జతగాడి మెడ వెనక తట్టాలి. గోడ మీద అందరికీ నేర్పే సంకేతం అదే.

“నో టచ్,” అంది. నీళ్లలో ఇద్దరినీ కలిపి ఉంచే నడుము తాడు పట్టుకుని చూపించింది. “రోప్. టూ పుల్. ఓకే?”

జుమా వేళ్లు తాడును వదిలేశాయి. “ఓకే.”

ఇక తనవంతు. “మీ... లెఫ్ట్, రైట్, ఆల్వేస్ మిక్స్,” అంది సిగ్గుపడుతూ. జుమా పకపకా నవ్వాడు. జేబులోంచి మైనపు సుద్దముక్క తీసి ఆమె కుడిచేతి తొడుగు మీద పెద్ద గీత గీశాడు.

టక్కుమని నీటితలుపు గొళ్లెం పడింది. అంకె ఇరవైమూడు. ఇమ్మానుయేలు పరుగున లోపలికి వచ్చాడు.

“ఏంటమ్మా ఇది? తొంభై ఒకటిలో ఉన్నదాన్ని ఇక్కడికి దించేశారు. గుసగుస తియ్యకూడదని తెలీదా?”

“తెల్సు బాబూ. తొంబయ్యొకటి ఉన్నప్పుడు ఈయన మెడమీద సెయ్యేస్తే ఏటవుతాదో నాకు తెల్దు. ఇప్పుడు తెల్సు.”

“యంత్రం ఒప్పుకోదమ్మా.”

“యంత్రం దిగదు కద బాబూ. దిగీది మేమే.”

ఇమ్మానుయేలు సముద్రం వైపు చూశాడు. పదకొండేళ్లలో ఆయన ఒక్కసారీ అంకెను కాదనలేదు. ఇప్పుడు తన చెవిలోని గుసగుసను వేలితో తీసి, జుమా వైపు తిరిగాడు.

“యూ... ఓకే విత్ హర్?”

“నౌ ఓకే. బిఫోర్, నాట్ ఓకే.”

నీటితలుపు పక్కన, యంత్రంతో పని లేకుండా దాన్ని తెరిచే చేతిచక్రం ఒకటుంది, ఎవరూ ముట్టుకోక తుప్పుపట్టింది. ఇమ్మానుయేలు రెండు చేతులా పట్టుకుని బలంగా తిప్పితే తలుపు తెరుచుకుంది. కారణం రాయమని తెర అడిగితే ఇలా రాశాడు: వీళ్లిద్దరూ మాట్లాడుకున్నారు.

నీటి అడుగున, తలదీపాల వెలుగు పడినంత మేర తప్ప, అంతా బురద చీకటి. ఇద్దరూ ఇరుసుకు అటూ ఇటూ చేరి వలలు కోశారు. చివరి పోగు తెగబోతుండగా ప్రవాహం తిరిగింది. జుమా వెనక సాగరద్వారం ఒక్కసారిగా కదిలింది. తొమ్మిదేళ్ల అలవాటున పైడితల్లి చెయ్యి అతని మెడ మీదకు లేచింది. అంతలోనే ఆపుకుని, తాడు అందుకుని రెండుసార్లు లాగింది. జుమా ఒక్క ఉదుటున పక్కకు తప్పుకున్నాడు. అతను ఉన్నచోటు మీదుగా తలుపు ఊగి, గట్టిగా మూతపడింది.

పైకొచ్చాక ఇద్దరూ మెట్ల మీద కూలబడి ఆయాసపడుతూ నవ్వుకున్నారు. పోటు వచ్చి గోడను కొట్టి, ఊరికే వెనక్కి పోయింది.

సాయంత్రపు జతగా మాటగదిలోకి వెళ్లినవాళ్లు కాకినాడ వెంకటరత్నం, మనీలా పిల్ల లూర్దెస్. పొద్దుట జరిగిందంతా వాళ్లు అద్దంలోంచి చూశారు. ముందు ఆ అమ్మాయి, ఆ తరవాత వెంకటరత్నం, గుసగుసలు తీసి బల్ల మీద పెట్టారు. అంకె ఎర్రబడింది. ఇమ్మానుయేలు కుర్చీలోంచి లేచి చేతిచక్రం దగ్గరికి నడిచాడు.

“మై... మై...” వెంకటరత్నం మాట కోసం వెతుక్కుంటున్నాడు. “వెయిట్, వెయిట్.”

అంకె సున్నాకి పడిపోయింది. లూర్దెస్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆయన మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.