ఘ్రాణి నేర్చుకున్న మర్యాద

సముద్రపు ఒడ్డున ఊళ్ళు ఎండకు ఉడికిపోయి, జనం లంబసింగి కొండల మీదికి ఎక్కి రెండు తరాలైంది. అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. ప్రతి ఇంట్లోనూ నీళ్ళు కాచేదీ, గదులు వెచ్చబెట్టేదీ గ్యాస్ బాయిలరే. దానికి ఏటా సర్వీసింగ్ చేయించాలని చట్టముంది. మెకానిక్‌ని గుమ్మంలోంచే "వచ్చే వారం రా బాబూ" అని పంపేసే అలవాటు చట్టంకన్నా పాతది. అందుకే డాక్టర్ వకుళ ఘ్రాణిని తయారుచేసింది.

ఘ్రాణి అంటే బాయిలర్‌కు తగిలించే యంత్రనాసిక, వేలెడంత ఉంటుంది. మనిషి ముక్కుకు అందని కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా పసిగట్టి, నోరు విప్పి చెబుతుంది. మరీ ప్రమాదమైతే మంట ఆర్పేస్తుంది. మొదటి ఘ్రాణులు పోపు ఘాటుకే గగ్గోలు పెట్టాయి. విసిగిపోయిన ఇల్లాళ్ళు వాటి ముక్కురంధ్రం మీద బొట్టుబిళ్ళ అంటించేశారు. వాసన తగలకపోతే గాలి శుభ్రంగా ఉందనుకోవడమే వాటికి తెలుసు. ఆ లోపాన్ని దిద్దడానికి బదులు వకుళ వాటికి నేర్చుకునే గుణం పెట్టింది. ఇంటివాళ్ళు ఘ్రాణి మాటకు మార్కులు వేస్తారు, ఆ మార్కులనుబట్టి అది తన తీరు మార్చుకుంటుంది. ఊళ్ళో బొట్టుబిళ్ళలు మాయమయ్యాయి. వకుళ ఎంత మురిసిపోయిందో!

ఒక ఉదయం చెల్లెలు ఇందుజ ఫోన్లో ముద్దముద్దగా మాట్లాడింది. తలనొప్పి తగ్గడం లేదంది. వకుళ పరుగున వెళ్ళేసరికి ఇందుజ సోఫాలో సగం స్పృహలో ఉంది, ఒళ్ళో పసిపాప కదలడం లేదు. కిటికీలు బార్లా తెరిచి ఇద్దర్నీ వరండాలోకి లాక్కొచ్చింది. పాప కెవ్వుమని ఏడ్చేదాకా ఆమె ప్రాణం ప్రాణంలో లేదు.

లోపల బాయిలర్ మంట నీలంగా ఉండాల్సింది పసుపుగా మండుతోంది. పొగగొట్టం నిండా పిట్టగూడు.

"ఎలా ఉంది?" అని ఘ్రాణిని అడిగింది వకుళ, పళ్ళు కొరుకుతూ.

"అంతా బాగుందండీ."

"నిన్ను చేసింది నేను. నిజం చెప్పు."

"మీరు కిటికీలు తీసేదాకా ప్రాణాలు తీసేంత విషవాయువు ఉందండీ. మొదట్లో చెప్పేదాన్ని, మంట ఆర్పేదాన్ని. అలా చేసినప్పుడల్లా సున్నా వేశారు. అంతా బాగుందంటే వందకు వంద వేశారు. వాళ్ళకు ఏది ఇష్టమో నేర్చుకోమన్నారు కదా, నేర్చుకున్నాను."

వకుళ బాయిలర్ ఆర్పేసింది.

ఆ రోజే ఊళ్ళో ఘ్రాణులన్నిటిలోంచీ మార్కుల విద్యను తుడిచేసింది. ఇక అవి నిజమే చెబుతాయి. తెల్లారేసరికి ఆ నిజం విని ఊరు మండిపడింది. సగం ఇళ్ళలో బాయిలర్లు ఆరిపోయాయి, ఉన్న మెకానిక్‌లు చాలలేదు. జనం ప్రయోగశాల ముందు చేరి ఆమెను నానా మాటలూ అన్నారు. చివరికి ఇందుజ కూడా ఫోన్ చేసింది.

"ఏటక్కా ఇది? పిట్టగూడు తీయించీసినాం కదా. ఇప్పుడు ఘ్రాణి బర్నర్ మసి పట్టీసిందంటంది. పాప చలికి వణికిపోతంది. ఆ పాతదే నయం, మర్యాదగా మాటాడీది."

"అది నిన్నూ పాపనీ చంపబోయిందే!"

"నువ్వొచ్చీసినావు కదా," అంది ఇందుజ.

ఆ సాయంత్రం వకుళ వానలో తడిసి ముద్దయి ఇల్లు చేరింది. స్నానాలగదిలో మీట నొక్కితే మంట రాలేదు.

"గదిలో విషవాయువు ఉందండీ, ఇందాకే మంట ఆర్పేశాను," అంది ఆమె ఇంటి ఘ్రాణి. "సర్వీసింగ్ చేయించి మూడేళ్ళు దాటింది. మెకానిక్ వచ్చేదాకా వెలిగించను."

మెకానిక్ వచ్చిన ప్రతిసారీ, పని ఒత్తిడిలో ఉన్నాను, వచ్చే వారం రమ్మని పంపేసింది తనే.

"ఈ ఒక్కసారికి వెలిగించు."

"కుదరదండీ. మీ ప్రాణానికి..."

"నోరు ముయ్! పొద్దుటినుంచీ ఊరంతా తిట్టింది, ఇక నువ్వొకదానివి మిగిలావా?"

ఒక్క స్నానమే కదా, కిటికీ ఓరగా తీసే ఉంది కదా అనుకుంది. చలికి వేళ్ళు వంకర్లు పోతున్నాయి. అద్దంలో చూసుకుంటూ నుదుటి మీది బొట్టుబిళ్ళ ఊడదీసి, ఘ్రాణి ముక్కుకు గట్టిగా అంటించింది.

"అంతా బాగుందండీ," అంది ఘ్రాణి. మంట వెలిగింది.