నొక్కినా పడని అక్షరం

ఆ రోజు తలుపు సందులోంచి మీరేం చూశారో చెప్పండి. బూట్లా? నీడా? తిరుగుబాటును అణచడానికి సైన్యం తిరిగి ఊళ్లోకి వచ్చిన ఆ వసంతంలో, ఇరాక్‌లోని బస్రాలో తలుపు సందుకు కన్ను ఆనించని ఇల్లు లేదు. ఇబ్తిహాల్ మాత్రం ఏమీ చూడలేదు. రొట్టెలకని వెళ్లిన తమ్ముడు మునాఫ్ తిరిగి రాలేదు. చీకటి పడ్డాక ఎవరో తలుపు మెల్లగా తట్టారు. తండ్రి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరూ తీయలేదు. తట్టింది సైనికుడో మునాఫో ఈనాటికీ తెలియదు.

ఆమె జుట్టు నెరిశాక, ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం, చిన్న తమ్ముడు రాద్ లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. మునాఫ్ బడికెళ్లే రోజుల్లో ఇంట్లోని అరబ్బీ కంప్యూటరు మీద ఒక ఆట రాశాడు. ఆ యంత్రం పోయింది, ఆట ఉన్న క్యాసెట్టు మిగిలింది. పాత యంత్రంలా నడిచే ఎమ్యులేటర్‌లో దాన్ని ఆడించాలి. ఆటలో ఒక తలుపు, ఒక ప్రశ్న: తీయనా? ఒక్కసారి ‘అవును’ అని కొట్టాలి. ఆమె కోరిక అంతే.

టేప్ రికార్డరుకూ లాప్‌టాప్‌కూ తీగ కలిపారు. చెవులు కోసే కీచు మొదలైంది.

"కదలకు అక్కా. టేపు ఎక్కేటప్పుడు మునాఫ్ ఊపిరి కూడా పీల్చనిచ్చేవాడు కాదు."

"తుమ్మినందుకు నీ వీపు మోగింది కూడా."

తెర నిండా పిచ్చి గీతలు వచ్చాయి.

"నీ చేతిరాతే నయంరా."

"వేరే దేశం యంత్రం ఫైలు పెట్టాను. అరబ్బీది వేస్తానుండు."

ఈసారి అక్షరాలు కుదురుగా నిలబడ్డాయి. తెల్లగీతల తలుపు. కింద ప్రశ్న.

ఆమె మీట నొక్కింది. అక్షరం పడలేదు. రాద్ కీబోర్డు అమరిక మార్చాడు. పడలేదు. మళ్లీ మార్చాడు. వీధిలో జనరేటరు ఆగిపోయింది. గది ఒక్కసారిగా మూగబోయింది. గ్లాసుల్లో ఎండు నిమ్మకాయ టీ వాసన...

తెర మీద కొత్త వరుస. కుడి నుంచి ఎడమకు, ఒక్కో అక్షరం. ఎవరో ఒంటివేలితో కొడుతున్నట్టు.

అక్కా, తీయి.

"ఇది ఆటలో ఉందా?" రాద్ అడిగాడు.

"లేదు."

తెర మీద మరో వరుస: వీధి మొదట్లో బూట్ల చప్పుడు. తొందరగా తీయి.

అరచేత్తో మీటలన్నీ నొక్కేసింది. ఏమీ పడలేదు.

"ఏదో ఒకటి చెయ్యరా..."

"చేస్తున్నా... తీసుకోవడం లేదక్కా..."

తెర మీద ఇంకో వరుస: రొట్టెలు చల్లారిపోతున్నాయి.

రాద్ చూపు తెర మూలన ఆగింది. ఎమ్యులేటర్‌లో టేపు గడి ఖాళీ.

"అక్కా... మన టేపు అసలు ఎక్కనే లేదు."

చటుక్కున మూత మూసేశాడు. రికార్డరు తీగ పీకేశాడు.

టీ వాసన పోయింది. గదిలో ఇప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెల వాసన.

తర్వాత వీధి తలుపు తట్టిన చప్పుడు. మెల్లగా. వేలి కణుపులతో.

ఇబ్తిహాల్ లేచింది. "తీస్తున్నా..." అనబోయింది. వెనక నుంచి రాద్ చెయ్యి ఆమె నోటిని గట్టిగా మూసింది. అచ్చం తండ్రి చెయ్యిలాగే.

కిటికీ తెరల వెనక నడి ఎండ మండుతోంది. తలుపు సందులో మాత్రం చీకటి.

మళ్లీ తట్టారు.

చెప్పండి... మీరైతే ఆ చేతిని తోసేసి తలుపు తీస్తారా?