రంగు లేని గీత

"ఇది నీ కొడుక్కి పొడిపిస్తావా?" అన్నాడు చీఫ్.

బల్ల మీద చిన్న గాజు సీసా ఉంది. లోపల నీళ్ళలో దోమ రెక్క తేలుతోంది. మూత మీద ఆరోగ్యశాఖ ముద్ర మాత్రం తళతళలాడుతోంది.

ఆ ఆఫీసులో 'ఉలి' అని పిలిచే ఏజెంట్ సీసా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"తొట్టి నీళ్ళు. పిల్లల వార్డులో మందని ఎక్కించారు. పాపం, పోయారు." చీఫ్ కాగితాల క్లిప్పుతో పళ్ళు కుట్టుకుంటూ చెబుతున్నాడు. క్లిప్పు కొసకు తగిలినదాన్ని ఓసారి పరీక్షగా చూసి, మళ్ళీ నోట్లోనే వేసుకున్నాడు.

"విదేశీ ముఠా. నాయకుణ్ణి కంపౌండర్ అంటారు. మూతల మీద ముద్ర కొట్టే అచ్చు అరిగిపోయింది, కొత్తది చెక్కించాలి. వాళ్ళ దగ్గర ముద్ర ఫొటో తప్ప ఇంకేం లేదు. నువ్వు షీల్డులు, మెడల్స్ చెక్కే షాపులో ఆపరేటర్‌వి. అచ్చు చెక్కి ఇచ్చెయ్. దాని వెనకాలే పోయి ఫ్యాక్టరీ పట్టుకుంటాం."

"బాగానే చెక్కాలా సార్?"

"వంక పెట్టడానికి వీల్లేకుండా. ముఠాలో మన మనిషి వెల్వెట్ ఉంది. 'ఇత్తడికి తుప్పు పడుతుందా?' అంటుంది. 'మనిషికి పట్టినంత కాదు' అను. ఈ భూతద్దంలో కెమెరా ఉంది. ఫీడ్ నేరుగా నా టేబుల్ మీదికే."

షాపులో ఉలి కొత్త అవతారం దళసరి కళ్ళజోడు, మసి ఏప్రాన్, కాస్త గూని. బల్ల మీద మైక్రోవేవ్ ఓవెనంత సీఎన్‌సీ మిల్లు. కంప్యూటర్‌లో గీసిన గీతల వెంబడి దాని సన్నటి బిట్ గిరగిరా తిరుగుతూ ఇత్తడిని చెక్కుతుంది.

ఓ మధ్యాహ్నం నల్లకారు ఆగింది. సెంటు ముందు వచ్చింది, వెల్వెట్ తర్వాత వచ్చింది. పచ్చటి పట్టు గౌను, కోసుకుపోయే నవ్వు.

"ఇత్తడికి తుప్పు పడుతుందా?"

"మనిషికి పట్టినంత కాదు."

ఆమె వెనకాలే కంపౌండర్. చేతులకు రబ్బరు గ్లవ్స్, వాటి లోపల చెమట చితచితలాడుతోంది. చెయ్యి చాచాడు. ఉలి కలపక తప్పలేదు. కుళ్ళిన పండును పిసికినట్టయింది.

వెల్వెట్ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఫైలు తెరవగానే ఉలి ఓ గీతను పెద్దది చేసి చూశాడు.

ఫొటో మీద ట్రేస్ చేసిన బొమ్మైతే గీత పొడుగునా చీమలు పట్టినట్టు నోడ్స్ అనే చుక్కలు ఉంటాయి. ఇందులో అదనంగా ఒక్క చుక్క లేదు. ఇది నకలు కాదు, ముద్రను మొదట గీసిన అసలు వెక్టర్ ఫైలు. ఈ కేసు కోసం ఆరోగ్యశాఖ ఇచ్చిన ఆ ఫైలు తమ ఆఫీసు లాకర్‌లోంచే రావాలి. ఆ లాకర్ తాళం చీఫ్ మొలతాడుకే ఉంటుంది.

వెల్వెట్ చెవి దగ్గరికి వంగింది. "అంత ఆలోచనెందుకు? పంపింది మీ చీఫే. ఈ అచ్చు వెనకాల ఎవరూ రారు. చెక్కి ఇచ్చెయ్, నీకూ వాటా ఉంది."

"పిల్లలు చచ్చిపోతున్నారు."

"రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు కదా!" అంది, నున్నటి ఇత్తడి బిళ్ళలో లిప్‌స్టిక్ సరిచూసుకుంటూ.

చేతులు కడుక్కొస్తానని ఉలి బాత్‌రూమ్‌లో దూరాడు. భళ్ళున వాంతయింది. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? అక్క మొగుడు పోలీస్ ఇన్‌స్పెక్టర్. ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. అయినా ఫోన్‌లో టైప్ చేశాడు: "బావా, మన గొడవ తర్వాత. మెయిన్ రోడ్డు షీల్డుల షాపుకి మనుషులతో రా. మా ఆఫీసుకి మాత్రం తెలియనీకు."

"వస్తున్నా," అని వెంటనే జవాబు.

తిరిగొచ్చి భూతద్దాన్ని బోర్లా పెట్టాడు. కంపౌండర్ ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు. ఉలి ముద్రకు అడ్డంగా ఓ గీత గీసి, దానికి రంగు తీసేశాడు. తెర మీద గీత మాయమైంది. మిల్లుకు రంగుతో పనిలేదు, దారి చూపిస్తే చాలు, ఆ దారినే పోతుంది. ఆ దారిని అన్నిటికన్నా చివర్లో, అన్నిటికన్నా లోతుగా పెట్టాడు.

వెల్వెట్ తెర మీదికి వంగింది. "తిరగేసి ఉందేం?"

"అచ్చు కదా మేడమ్. తిరగేసి చెక్కితేనే మూత మీద సరిగ్గా పడుతుంది."

ఆమె ముద్రలోని ఆకు ఆకునూ వెతికింది. "పర్‌ఫెక్ట్."

మిల్లు రొద మొదలైంది. ఇత్తడి పొడి లేస్తోంది. అక్షరాలు, ఆకులు, అంచు ఒక్కొక్కటే తేలుతున్నాయి. కంపౌండర్ గ్లవ్ వేసుకున్న బొటనవేలు నాకి, పొడి తుడవబోయాడు.

"వేలు పోతుంది సార్!"

"ఎంత ముద్దుగా ఉందో!" అని మురిసిపోయి ఫోన్‌లో అరిచాడు. "లారీ స్టార్ట్ చెయ్. అచ్చు తెచ్చేస్తున్నా."

బిట్ పైకి లేచింది. కంపౌండర్ చెయ్యి చాచాడు. బిట్ ఆగలేదు, ఓ మూలకు జరిగి ఒక్కసారిగా దిగింది. కీచుమంటూ ముద్రను ఈ చివర నుంచి ఆ చివరకు చీల్చి, ఫట్టున విరిగింది.

"ఫైల్లో ఏం లేదే!" వెల్వెట్ కేక.

ఉలి కణతకు కంపౌండర్ పిస్టల్ తగిలింది. "ఇంకో బిళ్ళ పెట్టు!"

"బిళ్ళలు బోలెడున్నాయి. బిట్టే లేదు."

"అయితే నువ్వూ అక్కర్లేదు."

ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా షట్టర్ దడాలున లేచింది. నాలుగు తుపాకుల ముందు బావ బొజ్జ కనపడింది.

"పిస్టల్ కింద పెట్టరా. ఛీ, ఆ గ్లవ్స్ ఏంట్రా, శవాలు కడిగొచ్చావా?"

కంపౌండర్ చేతులెత్తాడు. వెల్వెట్ చప్పున నవ్వు తగిలించుకుంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, నేను మీ మనిషినే."

"ఎవరి మనిషివో తేల్చుకోడానికి లాకప్‌లో బోలెడు టైముంది తల్లీ, నడు."

కంపౌండర్ ఫోన్‌ను బట్టి లారీ, లారీని బట్టి ఫ్యాక్టరీ దొరికాయి. సాయంత్రానికి చీఫ్ కూడా దొరికాడు. బేడీలు వేస్తుంటే నోట్లోంచి క్లిప్పు తీయలేదట. ఉలి మాత్రం సబ్బు అరిగేదాకా చేతులు కడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు కొత్త చీఫ్ ఫోన్ చేశాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాడు ఉలి.

"నా గది తలుపుకి ఇత్తడి ప్లేటు కావాలోయ్. పదవి ఒక్కటే చెక్కు, పేరొద్దు. ప్రతిసారీ కొత్త ప్లేటంటే దండగ."