నూకాలు చెరిపిన పేర్లు

పూర్వం తూర్పు కొండల అవతల భాండపురం అనే రాజ్యం ఉండేది. పిల్లలూ, ఆ రాజ్యం పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కరువొచ్చి చెడిన రాజ్యాలున్నాయి, శత్రువులు దండెత్తి వస్తే చెడిన రాజ్యాలున్నాయి. ఇంట్లో గిన్నెలు ఎక్కువై చెడిన రాజ్యం మాత్రం నాకు తెలిసి అదొక్కటే.

దీనికంతటికీ మూలం రాజు మణిభూపాలుడు. అతనికి 'లేదు' అన్న మాట గిట్టదు. వంటవాడు మీగడ లేదన్నా, మంత్రి తీరిక లేదన్నా అలిగి పడుకునేవాడు. ఒకనాడు, సామాను గుట్టలుగా మేట వేసుకుని కూర్చునే మేటభూతం ఉండే కొండకు వెళ్ళి, "నా రాజ్యంలో ఏ ఇంట్లోనూ లేదు అన్న మాట వినపడకూడదు" అని వరం కోరాడు. భూతం నవ్వి, "సరే. ఇవాళ్టి నుంచి ప్రతి ఇంటికీ రోజూ ఏవో కొన్ని వచ్చి చేరతాయి. అయితే ఒంటి మీది బట్టా, చేతి పనిముట్టూ తప్ప గడప లోపలికి వచ్చినదేదీ మళ్ళీ గడప దాటదు" అంది. రాజు మొదటి మాట విని గంతులేశాడు. రెండో మాట చెవిన పెట్టలేదు. దాన్ని అనుభవించింది మాత్రం ప్రజలు.

భాండపురం వాళ్ళకు అసలే ఒక ఆచారం ఉంది. పెళ్ళికీ, బారసాలకూ ఇత్తడి గిన్నె పెట్టాలి, దాని మీద పెట్టినవాళ్ళ పేరు చెక్కించాలి. వాడితే పేరు అరిగిపోతుందని దాన్ని అటకెక్కిస్తారు. ఎవరికైనా ఇచ్చేస్తే పెట్టినవాళ్ళ మొహాన కొట్టినట్టని ఎవరికీ ఇవ్వరు. వరం వచ్చాక ఇళ్ళలో ఊడిపడిన బిందెలకూ, బిందెల్లో పట్టే చెంబులకూ కూడా అత్తల పేర్లూ, తాతల పేర్లూ చెక్కించి దాచడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళలో గదులు నిండిపోయాయి. సామాన్లు ఇంట్లో ఉన్నాయి, మనుషులు వీధిలో పడుకుంటున్నారు. వానొస్తే బండ్ల కింద దూరేవాళ్ళు.

అంతకంటే ఘోరం మరొకటి జరిగింది. ఆ సామానంతా తుడిచి, తోమి, లెక్కపెట్టుకునే ఆడవాళ్ళు పాదాల నుంచి పైకి ఇత్తడిగా మారిపోసాగారు. తుడిచేది వాళ్ళు, బిగుసుకుపోయేదీ వాళ్ళే. వరం కోరిన రాజు మాత్రం మెత్తగా, గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు.

ఆ ఊళ్ళో నూకాలు అనే పదమూడేళ్ళ కంచరి పిల్ల ఉండేది. తండ్రి పోయాక ఆయన ఉలీ సుత్తీ తనే పట్టుకుని ఇంటింటికీ తిరిగి పేర్లు చెక్కేది. తల్లి అప్పలకొండ నడుము దాకా ఇత్తడై వంటింటి నడుమ నిలబడిపోయింది. కొత్త గిన్నెలు వచ్చి పడేకొద్దీ రోజూ ఆ ఇత్తడి ఇంకో వేలెడు పైకెక్కేది. ఆ స్థితిలో కూడా అప్పలకొండ చేతికందిన చెంబునల్లా తుడుస్తూనే ఉంది.

"అమ్మా, వీటిని సుత్తి పెట్టి సొట్టలు పెట్టేస్తాను" అంది నూకాలు.

"ఒసేయ్, ఆ గంగాళం జోలికి పోకు. మీ పెద్దత్త పెట్టింది. పేరుంది దాని మీద."

"ఆ పేరు చెక్కింది నేనే కదే అమ్మా."

"అయితే ఇంకా జాగ్రత్తగా చూడు."

నూకాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాజు మీద కోపం, భూతం మీద కోపం, తల్లి మీద కోపం. కూలి కోసం ఆ పేర్లన్నీ చెక్కిపెట్టిన తన చేతుల మీద మరీ కోపం. "రోజుకో వేలెడు చొప్పున పదిహేను రోజుల్లో నీ నోటి దాకా వస్తుంది. ఆలోపు ఆ భూతం సంగతి చూసొస్తాను" అంది.

"దారిలో పనికొస్తుంది, ఒక చెంబైనా పట్టుకెళ్ళవే."

నూకాలు చెంబు పట్టుకుని గడప దాటబోయింది. ఎవరో లాక్కున్నట్టు అది చేతిలోంచి ఊడి, లోపలి గుట్ట మీద పడింది. ఆమె పళ్ళు కొరుక్కుంటూ వట్టి చేతులతో బయలుదేరింది.

మూడు రోజులు అడవిలో నడిచాక ఒక ఆశ్రమం కనిపించింది. కుటీరం తలుపు సగమే తెరుచుకుంటోంది. లోపలంతా సామాను. ముని బయట చింతచెట్టు కింద ముడుచుకుని కూర్చున్నాడు.

"భూతం దగ్గరికేనా? రా అమ్మాయీ. ఇదిగో ఎగిరే చాప, ఇదిగో మాయం చేసే కిరీటం, ఇదిగో అడిగిందల్లా వండే పాత్ర. ఇంతకు ముందు వచ్చిన ముగ్గురు రాజకుమారులకూ ఇవే ఇచ్చాను" అన్నాడు.

"వాళ్ళేరి సామీ?"

"తిరిగి రాలేదు."

"మరి ఇవి?"

ముని గడ్డం గోక్కున్నాడు. "ఇవి మాత్రం తిరిగి వచ్చాయి" అని ఒప్పుకున్నాడు.

"అయితే నాకొద్దు. దారి చెప్పండి చాలు."

"ముని ఇచ్చింది కాదంటావా? శపిస్తాను జాగ్రత్త."

"శపించండి. శాపమైతే చేత్తో మోయక్కర్లేదు. మా అమ్మ అక్కడ ఇత్తడైపోతుంటే మీరు నాకు ఇంకో పాత్ర అంటగడతారా? మీ కుటీరంలో పడుకుని ఎన్నాళ్ళైంది సామీ?"

ముని సగం తెరిచిన తలుపు వైపు చూశాడు. "పన్నెండేళ్ళు" అన్నాడు చివరికి. తర్వాత లేచి, ఉత్తరాన లోయ ఎక్కడుందో, దాన్ని దాటించే పక్షిని ఎలా పిలవాలో ఓపిగ్గా చెప్పాడు.

లోయ అంచున రెండు తలల గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. ఒక తల నూకాలును పైనుంచి కిందకు చూసింది, రెండో తల కిందనుంచి పైకి చూసింది.

"మేము మనిషి బరువు మోస్తాం, మూటల బరువు మోయం. ఆ రాజకుమారులకు ఈ మాట చెబితే వినలేదు. మూటలు లోయలో పారేసి వాళ్ళను అవతల దింపాం" అంది మొదటి తల.

"నాకు మూటల్లేవు."

"ఉంది" అంది రెండో తల. "నీ కోపం. బండరాయంత ఉంది. దింపేసి ఎక్కు."

నూకాలు కళ్ళెర్రజేసింది. "దింపను. ఇది ఊరికే పడి ఉన్న సామాను కాదు. పొద్దున లేస్తూనే వాడుతున్నాను. ఇది లేకపోతే మూడు రోజులు ఈ ముళ్ళల్లో నడిచేదాన్నా? మోయలేకపోతే చెప్పండి, లోయలోకి దిగే వెళ్తాను."

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వాడుకునే వస్తువుకు బరువుండదు కాబోలు అనుకున్నాయి. పక్షి రెక్క వాల్చింది. నూకాలు ఎక్కి కూర్చుంది.

మేటభూతం గుహ ముందు ముగ్గురు రాజకుమారులు ఇత్తడి బొమ్మలై నిలబడి ఉన్నారు. ముగ్గురి వేళ్ళూ లెక్కపెడుతున్నట్టు మడిచి ఉన్నాయి. లోపల కొండంత గుట్ట మీద భూతం బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వచ్చావా? నా పరీక్ష ఒకటే" అంది భూతం. "మీ ఇంట్లో మీవి ఏమేం ఉన్నాయో ఒక్కటీ వదలకుండా చెప్పు. చెబితే రాజ్యంలో అన్ని గడపలూ తెరుస్తాను. తప్పితే నాలుగో బొమ్మవవుతావు. ఈ మొనగాళ్ళు మూడొందలు దాటకుండానే తడబడ్డారు."

నూకాలు ఊపిరి పీల్చుకుంది. "రెండు వంటకుండలు. గరిటె. నీళ్ళ బిందె. రెండు కంచాలు. కత్తిపీట. రోలు. చీపురు. దీపపు కుంది. రెండు చాపలు. రెండు దుప్పట్లు. ఉలి. సుత్తి. అంతే."

భూతం పకపకా నవ్వింది. "నాలుగు వేల వస్తువులున్న ఇల్లు, నాలుగు వేళ్ళ లెక్క చెబుతావా?"

"మా ఇంట్లో నాలుగు వేలుంటే ఉండనీ. మీరడిగింది మావేవో చెప్పమని. మిగతావాటి మొహమైనా నాకు గుర్తు లేదు. గుర్తే లేనిది నాదెలా అవుతుంది?"

భూతం నవ్వు ఆపింది. గాలిలోకి చెయ్యి చాపి, దుమ్ము కొట్టుకుపోయిన చిన్న మరచెంబు తీసింది. దాని మీద 'నూకాలు' అని చెక్కి ఉంది. చివరి అక్షరం కాస్త పక్కకు వాలింది. ఆమె పుట్టిన నాడు తండ్రి తన చేతులతో చేసి, చెక్కిన చెంబు అది.

"ఇదీ నీది కాదా?"

నూకాలు ముందుకు వంగి చూసింది. ఆ చెంబును ఆమె నిజంగానే మరిచిపోయింది. దాని మీద ఎవరెవరివో గిన్నెలు పడ్డాయి, పళ్ళేలు పడ్డాయి, బిందెలు పడ్డాయి. తనకు కావలసిన ఒక్క వస్తువునూ అక్కర్లేని వేల వస్తువులు కప్పేశాయి. ఆమె ఏడ్చింది. దుఃఖంతో సగం, కోపంతో సగం.

"నాదే అను" అంది భూతం తియ్యగా. "అయితే కిందా మీదా ఉన్న నాలుగు వేలూ నీవే అవుతాయి. నీ లెక్క తప్పుతుంది."

నూకాలు చెంబును మరొక్కసారి చూసింది. వాలిన అక్షరం మీద వేలు పెట్టి తీసేసింది. "నాది కాదు. నేను చెప్పిన లెక్కే లెక్క" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నేను చెప్పలేను.

భూతం చెంబును గుట్ట మీదికి విసిరేసింది. "గెలిచావు. గడపలు తెరిచాను. సామాను బయట పెట్టిన ఇంటికి ఇక కొత్తది రాదు. అయితే బయటికి మోసుకెళ్ళడం మీ పని. మీవాళ్ళు మోస్తారనే నమ్మకం నాకు లేదు" అంది.

గుహ బయట రాజకుమారులు మెత్తబడి కళ్ళు నులుముకుంటున్నారు. అందులో ఒకడు మోకాలి మీద కూర్చుని నూకాలును పెళ్ళి చేసుకుంటానన్నాడు. పదమూడేళ్ళ పిల్లతో ఆడాల్సిన మాటేనా అది? "ముందు ఇంటికెళ్ళి మీ అమ్మను చూసుకోండి" అని ఆమె పక్షి ఎక్కింది.

పదమూడో రోజున భాండపురం చేరేసరికి భూతం చెప్పినట్టే అయింది. గడపలు తెరిచి ఉన్నాయి. ఒక్క గిన్నె కూడా బయటికి రాలేదు. జనం గుమ్మాల్లో నిలబడి, "పేర్లున్నాయి కదా, ఎలా తీసేస్తాం" అని గొణుక్కుంటున్నారు. నూకాలు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పరిగెత్తింది.

అప్పలకొండ మెడ దాకా ఇత్తడైపోయింది. నూకాలు గుట్టలోంచి ఒక్కొక్కటీ లాగి, పేరు మీద ఉలి పెట్టి, సుత్తితో కొట్టి చెరిపి, వీధిలో పెట్టసాగింది. కూతురు తీసిన ప్రతిదానికీ తల్లి లోలోపల మూలుగుతోంది. చివరికి గంగాళం దగ్గరికొచ్చింది.

"అదొక్కటి ఉంచవే. మీ పెద్దత్త ఏమనుకుంటుంది?"

"ఏమనుకుంటుందా?" నూకాలు ఉలి కింద పెట్టింది. "నాన్న నాకోసం చేసిన మరచెంబు గుర్తుందా నీకు? పెద్దత్త గంగాళం రోజూ తుడిచావు. అదెక్కడుందో ఎప్పుడైనా చూశావా? నేనూ మరిచిపోయాను. భూతం నా కళ్ళ ముందు పెడితే, నాది కాదని చెప్పి వదిలేసి వచ్చాను. నువ్వు కదలాలని వదిలేశాను. ఇప్పుడు గంగాళం వదల్లేనంటావా?"

అప్పలకొండ గంగాళం మీంచి చూపు తిప్పుకుంది. కళ్ళ నీళ్ళు ఇత్తడి మెడ మీదుగా జారాయి. "దాని మీద నీ పేరులో లు వంకరగా ఉండేది" అంది. "చెయ్యి వణికిందని మీ నాన్న ఎంత బాధపడ్డాడో." ఆ తర్వాత, "కొట్టెయ్ తల్లీ, మీ పెద్దత్త పేరు. నేను చూస్తాను" అంది.

సుత్తి దెబ్బకు గంగాళం మోగింది. అప్పలకొండ మెడ మెత్తబడింది, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. గంగాళాన్ని గడప దాటించే వేళకు ఆమె తన కాళ్ళతో నడిచి రెండో వైపు పట్టుకుంది.

అది చూసి వీధి వీధంతా కదిలింది. తీసుకోండి, చెరపండి అంటూ సామాను వచ్చి పడింది, ఇళ్ళలో బిగుసుకుపోయిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే మెత్తబడి నడిచి వచ్చారు. వరదలో సర్వం పోగొట్టుకున్న ఏటి అవతలి ఊళ్ళకు బండ్ల మీద పంపారు. ఇంతలో మణిభూపాలుడు మేళతాళాలతో వచ్చి, "నూకాలు పేరు చెక్కించిన బంగారు పళ్ళెం బహూకరిస్తున్నాం" అని చాటించాడు.

నూకాలు సుత్తి చేత్తో పట్టుకునే లేచింది. "మారాజా, మా ఇంట్లో అది లేదు. మాకు అది అక్కర్లేదు. లేదు అన్న మాట వినండి, వినడం నేర్చుకోండి."

జనం అంతా రాజు మొహంలోకి చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. కోటలోకి ఏ వస్తువు రావాలన్నా ఇకమీదట నూకాలు ఒప్పుకుంటేనే రావాలని అక్కడికక్కడే శాసనం చేసి, కోశాగారం తాళాలు ఆమెకిచ్చి, తలదించుకుని వెళ్ళిపోయాడు.

నూకాలు ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గది నడుమ నేల కనిపిస్తోంది. అప్పలకొండ ఆ నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు బారచాపి, చేతులు రెండు పక్కలకూ చాచింది. ఏ పక్కా ఏదీ తగల్లేదు. ఆమె ఇంకాస్త చాపి చూసింది.

"చోటుందే" అంది ఆశ్చర్యంగా. "నువ్వూ వచ్చి పడుకో."

నూకాలు పక్కన పడుకుంది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమెకు కోపం రాలేదు. తల్లి చెయ్యి వచ్చి ఆమె జుట్టు మీద పడింది. అది వెచ్చగా ఉంది.