మూసేసిన ఆసుపత్రిలో వెలుతురు

మా వంటింటి కిటికీలోంచి చూస్తే వీధికి అటుపక్క ఆసుపత్రి కనిపిస్తుంది. మూసేసి ఏడాది దాటింది. చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులన్నీ ఎత్తేసి, వంతెన అవతల ఒకే పెద్దాసుపత్రి కట్టారు. ఇక్కడి డాక్టర్ని, మంచాల్ని, ఆక్సిజన్ సిలిండర్లని తరలించేశారు. గేటుకి "మెరుగైన సేవల కోసం" అని బోర్డు తగిలించి పోయారు.

"పెద్దాసుపత్రి పెద్దదేనే, కాదనను. అక్కడికి చేరేసరికి మనిషే మిగలదు," అనేది మా అత్త.

అత్తకి ఉబ్బసం. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. నా వంటకి వంక పెట్టని రోజు లేదు. నాకు జ్వరమొస్తే మాత్రం, వద్దన్నా వినకుండా కాళ్లు పట్టేది.

ఆ సాయంత్రం కుండపోత వాన. పొద్దుండగానే చీకటి కమ్మేసింది. మా ఆయన పనికి వెళ్లి వంతెన అవతలే చిక్కుకుపోయాడు. అత్తకి ఆయాసం మొదలైంది. ముఖానికి మాస్కు పెట్టి, మందు వేసి ఆవిరి మిషన్ ఆన్ చేశాను. నాలుగు గుక్కలు పీల్చిందో లేదో, కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది. గదిలో అత్త ఛాతీలోంచి వచ్చే ఈల ఒక్కటే మిగిలింది.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంది రికార్డు గొంతు. మళ్లీ చేశాను. మళ్లీ అదే. చివరికి ఎవరో ఎత్తారు.

"బయల్దేరిందమ్మా. వంతెన మీదకి నీళ్లొచ్చాయి. తగ్గగానే వచ్చేస్తుంది."

"తగ్గేదాకా మనిషి ఉండాలి కదా బాబూ!"

అతను ఫోన్ పెట్టేశాడు.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాట రాక, కిటికీ వైపు వేలు చూపించింది.

వీధంతా చీకటి. ఎదురుగా ఆసుపత్రిలో మాత్రం లైటు వెలుగుతోంది.

నాకూ ఆశ పుట్టింది. మిగిలిన సామాను కోసం ఎవరైనా వచ్చారేమో, ఒక్క సిలిండరైనా లోపల మర్చిపోయి ఉంటారేమో అనుకున్నాను. అత్తని నడుం పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో రోడ్డు దాటించాను. గేటు తీసే ఉంది. తలుపూ తీసే ఉంది.

లోపల స్పిరిట్ వాసన. దాని కింద ఇంకేదో... ఎప్పుడో తడిసి, ఎన్నటికీ ఆరని బట్టల వాసన. హాల్లో గోడవారన సిమెంటు బెంచీలు. వాటి నిండా జనం. చివరి గది తలుపు సందులోంచి సన్నగా వెలుతురు వస్తోంది. ఎవరి ముఖాలూ సరిగ్గా తెలియడం లేదు.

"చూశావా, తెరిచే ఉంది," అంది అత్త.

అప్పుడు గమనించాను. మాట మధ్యలో ఆగలేదు. ఈల లేదు.

"ఊపిరి ఆడుతోందే!" అంది చిన్నపిల్లలా నవ్వుతూ.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఖాళీ చూసి కూర్చోబెట్టాను. కాసేపటికి చివరి గదిలోంచి ఒక గొంతు మెల్లగా వినిపించింది.

"తర్వాత..."

ముందున్న ముసలాయన లేచి లోపలికి వెళ్లాడు. అందరూ కాస్త ముందుకి జరిగారు. బట్టల రాపిడి కూడా వినిపించలేదు. మళ్లీ పిలుపు. మళ్లీ ఒకరు వెళ్లారు. వెళ్లినవాళ్లెవరూ బయటికి రావడం లేదు.

ఆసుపత్రి హాలు. నిండా రోగులు. ఒక్కరూ దగ్గడం లేదు...

అత్త నా చెవిలో గుసగుసలాడింది. "అటు చూడు... మన టైలరమ్మ కదూ?"

టైలరమ్మే. మా పక్కింటావిడ. పోయిన చలికాలం పురిటినొప్పులొచ్చి, వంతెన దాటకముందే ఆటోలో పోయింది. అప్పుడు ఆమె తల నా ఒళ్లోనే ఉంది.

ఆమె మా వైపు తిరగలేదు. "మా తర్వాతే మీరు," అంది. "మేం ముందొచ్చాం."

అత్తని రెండు చేతులా లాగి వరండాలో పడ్డాను. గడప దాటగానే ఈల మళ్లీ మొదలైంది. పెదాలు నల్లబడ్డాయి.

"లోపలికి... తీసుకెళ్లవే..."

"వద్దత్తా. వాళ్లు మనుషులు కాదు."

"తెలుసే... నాకూ తెలుసు..." గాలి కోసం నోరు తెరిచింది. "చాతకావట్లేదు... తల్లీ..."

ఎన్నడూ నన్ను అలా పిలవలేదు. ఎటు చూసినా నీళ్లు. ఫోన్లో అదే రికార్డు గొంతు. ఏం చెయ్యను? పట్టు వదిలేశాను.

అత్త పాకుతూ గడప దాటింది. దాటగానే లేచి నిలబడి చీర సర్దుకుంది.

"ఇంటికి పో. పొయ్యి కట్టేశావో లేదో చూసుకో," అంది.

"తర్వాత..."

ఈసారి బెంచీల మీద ఎవరూ లేవలేదు. టైలరమ్మ కాళ్లు పక్కకి తీసి అత్తకి దారిచ్చింది.

"అత్తా!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తాను. చివరి గది తలుపు మీద చెయ్యి వేశాను. లైటు ఆరిపోయింది.

ఆ తర్వాత గుర్తున్నది టార్చి వెలుగు. వాన తగ్గింది. నేను వరండాలో కూర్చుని ఉన్నాను. అత్త తల నా ఒళ్లో ఉంది. నా వెనక తలుపుకి తుప్పు పట్టిన తాళం, దాని మీద లక్క సీలు.

అంబులెన్సు మనిషి అత్త నాడి చూసి లేచాడు. "ఇంకాస్త ముందు ఫోన్ చెయ్యాల్సిందమ్మా," అన్నాడు.

ఇంటికి తెచ్చాక, తడి బట్టలు మార్చడానికి మేడ మీది అక్క సాయం పట్టింది. అత్త మోచేతి మడత దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్కడ దూది పెట్టి, పైన ప్లాస్టర్ అంటించి ఉంది.

"ఇంజెక్షన్ ఇచ్చారా?"

"ఎవరిస్తారక్కా?" అన్నాను.

ఆమె నా చేతి వంకే చూస్తోంది.

నేనూ చూసుకున్నాను. జాకెట్టు అంచు కింద, మోచేతి మడతలో... దూది. ఇంకా తడిగానే ఉంది.